తిరుపతి మట్టిలో చామోమిల్ వేయాలంటే

చామోమిల్ అంటే మన దండల చామంతి కాదు, టీ పెట్టుకునే సీమచామంతి. నేలంతా పొట్టిగా పరుచుకోవాలంటే రోమన్ రకం, పూలు బాగా కావాలంటే జర్మన్ రకం. తిరుపతిలో అక్టోబర్‌లో తొందరపడొద్దు, ఈశాన్య రుతుపవనాల వానకి నేను చల్లిన విత్తనాలన్నీ కాలవలో కలిశాయి. వానలు తెరిపిచ్చాక, నవంబర్ చివర్లోనో డిసెంబర్‌లోనో, ఎర్రమట్టిలో ఇసుక కలిపి, సన్నటి విత్తనాన్ని పైపైన చల్లి అరచేత్తో అదమండి చాలు, మట్టి కప్పొద్దు, వెలుతురు తగిలితేనే మొలకొస్తుంది. రెండు వారాలు స్ప్రేతో తడపండి. వేరు పట్టాక పైమట్టి ఎండితేనే నీళ్లు. ఎరువు ఎక్కువైతే అంతా ఆకే! తెల్ల రేకులు కిందికి వాలడం మొదలవగానే పూలు కోసి నీడలో ఆరబెట్టండి. ఏప్రిల్ ఎండకి ఎలాగూ మాడిపోతుంది, అప్పుడు ఆ చోట టేబుల్ రోజా గుచ్చేయండి.