బడి కమిటీలోకి కొత్తగా వచ్చిన అమ్మలకు

మా ఊరి ప్రాథమిక బడి యాజమాన్య కమిటీకి చైర్‌పర్సన్‌గా చేశాను. కొత్తగా ఎన్నికైనవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "అక్కా, మేం పెద్దగా చదువుకోలేదు, హెచ్‌ఎం గారి ముందు ఏం మాట్లాడతాం?" మీ బిడ్డ ఆ బడిలో చదువుతోంది, ఆ అర్హత చాలు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి ఎలా నడుస్తోందో చూడటం, అభివృద్ధి ప్రణాళిక రాయడం, గ్రాంటు ఖర్చు పరిశీలించడం మన పని.

మొదట మధ్యాహ్న భోజనం చూడండి. దీనికి ఎవరికైనా వచ్చే లెక్క చాలు. ప్రాథమిక తరగతుల్లో ఒక్కో బిడ్డకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. వంటకు ముందే వెళ్లి ఆ రోజు హాజరు అడగండి. 60 మంది వస్తే బియ్యం ఆరు కిలోలు, పప్పు కిలో రెండొందల గ్రాములు తూకం వేయాలి. పప్పు నీళ్లలా ఉంటే వంటమ్మ మీద అరవకండి. ఆమెకు సరుకు ఎంత ఇచ్చారో, బిల్లులు ఎప్పటి నుంచి రాలేదో ముందు కనుక్కోండి. చాలాసార్లు అసలు సంగతి అక్కడే ఉంటుంది.

డబ్బు విషయంలో మొహమాటం వద్దు. 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద ఏడాదికి 25,000 రూపాయల గ్రాంటు ఉంది. అందులో కనీసం పది శాతం శుభ్రతకే పెట్టాలి. క్యాష్ బుక్, బిల్లులు అడిగి చూడండి. కుళాయి రిపేరు బిల్లు కనిపిస్తే లేచి వెళ్లి ఆ కుళాయి తిప్పి చూడండి.

తీర్మానాల పుస్తకం సంతకానికి ఇంటికి పంపితే పెట్టొద్దు. మా దగ్గర మొదట్లో పిల్లల చేతికిచ్చి పంపేవారు, నేను ఒప్పుకోలేదు. మీటింగ్‌లోనే గట్టిగా చదివించండి. మీరు అన్న మాట అందులో లేకపోతే రాయించాకే సంతకం. ఖాళీ పేజీ మీద ఎవరు అడిగినా పెట్టకండి.

పాఠం జరుగుతుండగా క్లాసులోకి వెళ్లి టీచర్‌ని నిలదీయడం మాత్రం మన పని కాదు. బిడ్డను కొట్టారంటే అది వేరు, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దాన్ని నిషేధించింది. మీటింగ్‌లో పెట్టి తీర్మానం చేయండి. అలాగే జనగణన, విపత్తులు, ఎన్నికలు కాకుండా చదువుతో సంబంధం లేని వేరే డ్యూటీలకు టీచర్లను లాగితే వాళ్ల తరఫున మనమే రాయాలి. నా అనుభవంలో టీచర్లకు కమిటీ మీద నమ్మకం కుదిరేది ఇలాంటప్పుడే.

ప్రణాళికలో గోడలకు రంగులకన్నా టీచర్ల లెక్క ముందు రాయండి. చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు ఉండాలి. ఒక్క బిడ్డ చేరినా లెక్క మారవచ్చు కాబట్టి బడి ఈడు పిల్లలున్న ఇళ్లు తిరిగి పేర్లు రాసుకోండి. పోస్టు ఖాళీగా ఉంటే ఆ పేర్లు జతచేసి తీర్మానం ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇవ్వండి, మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి.