పనసపొట్టు కూర మొదటిసారి వండేవారికి

మాఘం దాటి ఎండ ముదిరే వేళకు లేత పనసకాయలు మార్కెట్లోకి దిగుతాయి. తొక్క తీసి వాటిని సన్నగా కొడితే వచ్చేదే పనసపొట్టు. గోదావరి జిల్లాల పెళ్లి భోజనాల్లో ఆవ (నూరిన ఆవాల ముద్ద) పెట్టిన పనసపొట్టు కూరకు దక్కే గౌరవం వేరు. తక్కిన చోట్ల చాలామందికి పనస అంటే తొనలే గుర్తుకు వస్తాయి.

కాయ ఎంపికలో పొరపాటు జరిగితే తరువాత సరిదిద్దే వీలుండదు. కోసినప్పుడు తొనలూ గింజలూ విడివిడిగా తేలకుండా, కత్తి ఎక్కడా అడ్డుపడకుండా దిగాలి. గింజ గట్టిపడి ఉంటే ఆ కాయను ముక్కల కూరకు వాడుకోవడమే మంచిది. పనస పాలు ఒకసారి అంటుకుంటే సబ్బుకు వదలవు కనుక, చేతులకూ కత్తికీ ముందే నూనె రాసుకొని, ముళ్ల తొక్కను మందంగా చెక్కేసి, ముక్కలను పసుపు నీళ్లలో వేస్తే నల్లబడవు. ఆ ముక్కలను కత్తితో సన్నగా కొట్టాలి. మిక్సీలో వేసేవారు ఆపి ఆపి తిప్పాలి, లేకుంటే పొట్టు కాస్తా ముద్దవుతుంది. గోదావరి ఊళ్లలో ఈ శ్రమ అమ్మేవారే తీసుకొని, పొట్టు కొట్టే ఇస్తారు.

అరకిలో పొట్టుకు కొద్దిగా నీళ్లు, ఉప్పు, పసుపు చేర్చి, వేళ్ల మధ్య నలిపితే మెత్తగా తగిలేదాకా ఉడికించి, వార్చి, చల్లారాక గట్టిగా పిండాలి. నీరు మిగిలితే కూర పొడిపొడిగా రాదు. మూకుడులో నూనె కాస్త ధారాళంగానే పోసి, సెనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువతో పోపు వేయించి, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు వేయాలి. నిమ్మకాయంత చింతపండు నుంచి తీసిన చిక్కటి పులుసు అందులో పోసి, పచ్చివాసన పోయాక పొట్టు కలిపి, తడి ఇగిరేదాకా మగ్గనివ్వాలి. జీడిపప్పు పెళ్లి వంటవారి అలవాటు. ఇంట్లో అది లేకపోయినా లోటేమీ లేదు.

ఈ కూరకు అసలు రుచి ఆవతోనే వస్తుంది. రెండు చెంచాల ఆవాలను నానబెట్టి, ఒక ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు చేర్చి, చల్లని నీటితో మెత్తగా నూరాలి. ఆవఘాటు చల్లని నీటితో నూరినప్పుడే పుడుతుంది. పొయ్యి మీద వేస్తే ఆ ఘాటు ఎగిరిపోయి చేదు మిగులుతుంది. అందుకే కూర దించి, గోరువెచ్చగా అయ్యాక మాత్రమే ఆవముద్దను, ఒక చెంచా పచ్చి నువ్వులనూనెను కలిపి, మూతపెట్టి గంటసేపు వదిలేయాలి.

విదేశాల్లో ఉన్నవారు ఉప్పునీటిలో నిల్వచేసిన లేత పనస డబ్బాలు కొనుక్కోవచ్చు. పంచదార పాకంలోవి పనికిరావు. ఆ ముక్కలను రెండుమూడుసార్లు కడిగి, పిండి, చేత్తో చిదిపితే చాలు, మళ్లీ ఉడికించనక్కర్లేదు. ఉప్పు మాత్రం చివర్లో రుచి చూసి వేసుకోవాలి.