అర్రే పెంచగానే విలువలు చెడిపోతున్నాయా? సీ భాషలో రియలాక్ చిక్కులు, పరిష్కారాలు

మిర్యాలగూడ వైపు సీ నేర్చుకునే పిల్లలకు నేనిచ్చే అభ్యాసం వడ్ల కొనుగోలు కేంద్రం టోకెన్ల జాబితా. రైతు పేరు, 40 కిలోల బస్తాలు ఎన్ని, తేమ శాతం ఎంత: ఇవన్నీ ఒక స్ట్రక్చర్‌లో, అలాంటి స్ట్రక్చర్లను వరుస గడుల్లో పేర్చిన ఒక అర్రే. యాసంగి కోతలు మొదలైతే సాగర్ ఎడమ కాలువ కింద ఏ రోజు ఎంతమంది వస్తారో ముందే తెలియదు, కాబట్టి అర్రే పెరగాల్సిందే.

సమస్య: 100 మందికి అర్రే పెట్టారు. 101వ పేరు ఎక్కించగానే ప్రోగ్రాం ఆగిపోతుంది, లేదా సంబంధం లేని వేరే వేరియబుల్ మారిపోతుంది.

కారణం: సీ భాష హద్దులు చూడదు. పైగా చదరపు బ్రాకెట్లలో సైజు రాసి ప్రకటించిన అర్రే తర్వాత పెరగదు. దాన్ని రియలాక్‌కు, అంటే తీసుకున్న మెమరీ సైజు మార్చే ఫంక్షన్‌కు, ఇస్తే లైనక్స్‌లో సాధారణంగా 'ఇన్‌వ్యాలిడ్ పాయింటర్' (చెల్లని పాయింటర్) అని చెప్పి ప్రోగ్రాం ఆగుతుంది.

పరిష్కారం: మొదటి నుంచే మాలాక్‌తో, అంటే అడిగినన్ని బైట్ల మెమరీ ఇచ్చే ఫంక్షన్‌తో, చోటు తీసుకోండి. రియలాక్‌కు ఇవ్వాల్సింది రైతుల సంఖ్య కాదు, బైట్లు. సంఖ్యను సైజాఫ్‌తో (ఒక్కో స్ట్రక్చర్ ఎన్ని బైట్లో చెప్పేది) గుణించడం మరవద్దు.

సమస్య: పది పేర్లతో అంతా సరిగ్గా ఉంది. వందల్లోకి పోయేసరికి మొదటి రైతు బస్తాలు పిచ్చి అంకెలుగా వస్తున్నాయి.

దీని దగ్గర కొంచెం ఆగాలి, పిల్లలు ఎక్కువ తిప్పలు పడేది ఇక్కడే. కల్లంలో వడ్లు ఆరబోసినప్పుడు పక్కన జాగా ఉంటే అక్కడే ఇంకొంత పరుస్తాం. లేకుంటే మొత్తం ఎత్తి పెద్ద జాగాకు మారుస్తాం. రియలాక్ చేసేదీ అదే. పక్క మెమరీ ఖాళీగా ఉంటే అడ్రస్ మారకపోవచ్చు, అందుకే చిన్న పరీక్షలో తప్పు బయటపడదు. చోటు లేకపోతే విలువలను కొత్త చోటికి కాపీ చేసి, పాతదాన్ని విడిచిపెడుతుంది. అంతకుముందు మీరు 'మొదటి రైతు' అని ఒక పాయింటర్ (మెమరీ అడ్రస్ పట్టుకునే వేరియబుల్) దాచుకుని ఉంటే, అది ఇప్పటికీ పాత జాగానే చూపిస్తుంది.

పరిష్కారం: అర్రే పెరిగే అవకాశం ఉన్నంతసేపు లోపలి మూలకాలకు పాయింటర్లు దాచుకోవద్దు. 0, 1, 2 అని ఇండెక్స్ దాచుకోండి. అర్రే ఎక్కడికి పోయినా ఇండెక్స్ మారదు. ఫంక్షన్ లోపల పెంచుతుంటే కొత్త అడ్రస్‌ను రిటర్న్ చేయండి, లేదా పాయింటర్‌కు పాయింటర్ పంపండి. అలా చేయకపోతే పిలిచిన చోట పాత అడ్రసే మిగులుతుంది.

రియలాక్ ఫలితాన్ని నేరుగా అదే పాయింటర్‌లో పెట్టడం నాకు అసలు నచ్చని అలవాటు. మెమరీ దొరకకపోతే నల్ (ఏ చోటునూ చూపని ఖాళీ పాయింటర్) వస్తుంది. పాత అర్రే మెమరీలో చెక్కుచెదరకుండా ఉంటుంది గానీ, దాని అడ్రస్ మీ చేతిలో ఉండదు. తాత్కాలిక పాయింటర్‌లో తీసుకుని, నల్ కాదని తేలాకే అసలు దాంట్లో పెట్టండి. కొత్తగా వచ్చిన భాగంలో సున్నాలు ఉంటాయని కూడా అనుకోవద్దు, మీరే నింపాలి.

సమస్య: తప్పులేమీ లేవు, కానీ లక్ష పేర్లు ఎక్కేసరికి బాగా నెమ్మదిస్తోంది.

కారణం: ఒక్కో పేరుకు ఒక్కో గడి చొప్పున పెంచుతున్నారు. ప్రతిసారీ చోటు మారితే 1,00,000 పేర్లకు దాదాపు 500 కోట్ల కాపీలు.

పరిష్కారం: నిండిన ప్రతిసారీ రెట్టింపు చేయండి. ఒక్క గడితో మొదలుపెట్టినా మొత్తం కాపీలు 1,31,071 దాటవు. ఎన్ని నిండాయో, ఎన్నింటికి చోటుందో వేర్వేరు వేరియబుళ్లలో ఉంచండి. సైజాఫ్‌ను అడిగితే లాభం లేదు. 64 బిట్ల మెషీన్‌లో అది పాయింటర్ సైజు 8 అనే చెప్తుంది.

తప్పు ఏ వరుసలో ఉందో అంతుపట్టకపోతే జీసీసీ కంపైలర్‌లో అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులు పట్టే సాధనం) పెట్టి, డీబగ్ సమాచారంతో కంపైల్ చేయండి. విడిచిపెట్టిన మెమరీని ముట్టుకోగానే ప్రోగ్రాంను ఆపి, ఎక్కడ ముట్టుకున్నారో, ఆ చోటు ఏ రియలాక్ దగ్గర పోయిందో రెండు వరుసలూ చూపిస్తుంది.