నడుం పట్టేయకుండా బస్తా ఎత్తడం ఎలా

పలాసలో జీడిపిక్కల బస్తాలైనా, మన కళ్లంలో ధాన్యం బస్తాలైనా ఎత్తే పద్ధతి ఒక్కటే. బస్తాకి బాగా దగ్గరగా నిలబడి, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్లు మడిచి కూర్చుని, బస్తాని పొట్టకి హత్తుకుని తొడల బలంతో లేవండి. కండరం ఎముకని లాగగలదే కానీ నెట్టలేదు. అందుకే ముందుకి వంగి ఎత్తితే బరువంతా వెన్ను పక్కనున్న కండరాలే లాగాలి, పూసల మధ్య డిస్కుల మీద ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. బరువు చేతుల్లో ఉండగా నడుం తిప్పొద్దు, పాదాలే తిప్పండి. ఇది పట్టించుకోకే నేను వారం రోజులు మంచం మీదున్నాను. 80 కిలోల బస్తా అయితే ఇద్దరు పట్టండి. తర్వాత కాలు తిమ్మిరెక్కుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించుకోండి.