‘రెడీ’ అంటే ఏమిటో ముందు రాయండి

సైన్యం కమాండ్ అండ్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌కి (కమాండర్లకు కబుర్లు చేర్చి, వాళ్ల ఆదేశాలు దళాలకు పంపేది) రిక్వైర్‌మెంట్స్, అంటే అది ఏం చేయాలో చెప్పే కాగితాలు, రాయమంటే కొత్తవాళ్లు ముందు స్క్రీన్ల గురించే రాస్తారు. మ్యాప్ ఎక్కడుండాలి, బటన్ ఏ రంగు అని. సైన్యంలో కబుర్లు చేరవేసే సిగ్నల్స్ విభాగంలో 24 ఏళ్లు చేసి రాజోలు వచ్చేశాను. చివరి ఆరేళ్లు ఈ కాగితాలతోనే గడిచాయి. నా మాట వింటే నిర్ణయం దగ్గర మొదలుపెట్టండి. ఏ కమాండర్, ఏ నిర్ణయం, ఎంతసేపట్లో తీసుకోవాలి? అందుకు ఏ కబురు కావాలి? అది ఎంత పాతబడితే పనికిరాదు? ఒక్కో నిర్ణయానికి ఒక్కో కాగితం పెట్టుకోండి. ఏ నిర్ణయానికీ అక్కరకు రాని రిక్వైర్‌మెంట్‌ని కొట్టేయండి.

తర్వాత మాటల పని. ఎక్కువ రోజులు దీనికే ఇవ్వండి. ఒక ఎక్సర్‌సైజులో రెండు దళాల పేర్ల పక్కన స్క్రీన్ మీద ‘రెడీ’ అని వెలిగింది. ఒకరికి రెడీ అంటే బండ్లు బయలుదేరడం, ఇంకొకరికి తుపాకులు గురిపెట్టి ఉండటం. రెండు సిస్టమ్‌లూ బాగానే పనిచేశాయి, కమాండర్ మాత్రం తప్పు లెక్క వేసుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన గోదావరినే చూడండి. లంకలో ఎవరో ‘రెండో హెచ్చరిక ఇచ్చేశారంటండీ’ అంటారు. ఎక్కడ? భద్రాచలంలో అయితే 48 అడుగులు, ధవళేశ్వరంలో అయితే 13.75. భద్రాచలంలో అయితే గొడ్లను గట్టెక్కించడానికి ఇంకా టైముంది, ధవళేశ్వరంలో అయితే నీరు దగ్గరికొచ్చేసినట్టే. అందుకే ఏ అంకె రాసినా చోటు, కొలత, టైము పక్కనే ఉండాలని రిక్వైర్‌మెంట్‌లోనే రాయండి. మ్యాపులకూ అంతే: పాత సర్వే మ్యాపులు ఎవరెస్ట్ అనే భూమి ఆకారపు లెక్కలో ఉంటాయి, జీపీఎస్ డబ్ల్యూజీఎస్-84 అనే ఇంకో లెక్కలో ఉంటుంది. అవే అక్షాంశ రేఖాంశాలు రెండింటిలో రెండు చోట్లు చూపిస్తాయి.

1994 ఏప్రిల్ 14న ఉత్తర ఇరాక్‌లో అమెరికా ఎఫ్-15లు తమ దేశపు బ్లాక్‌హాక్ హెలికాప్టర్లు రెండింటినే కూల్చేశాయి. 26 మంది పోయారు. హెలికాప్టర్లు వేరే రేడియో ఫ్రీక్వెన్సీలో ఉన్నాయి, ఆ ప్రాంతంలో వాడాల్సిన గుర్తింపు కోడ్ వాళ్లకు అందలేదు. వైమానిక దళం కాగితాలూ హెలికాప్టర్లవాళ్ల కాగితాలూ ఒకే బల్ల మీద పెట్టి చదవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

‘వేగంగా చేరాలి’ అని రాయకండి. ‘బెటాలియన్ రిపోర్టు బ్రిగేడ్ స్క్రీన్ మీదికి 30 సెకన్లలో రావాలి’ అంటే పరీక్షించి చూడొచ్చు. లింక్ తెగితే చివరి రిపోర్టు ఎన్ని నిమిషాల కిందటిదో కనబడాలి. పైనుంచి మాట రానప్పుడు ఎవరు ఎంతవరకు నిర్ణయించవచ్చో కూడా అక్కడే రాయాలి.

అంతా అయ్యాక రాత్రి డ్యూటీ చేసే హవల్దార్‌కి చదివి వినిపించండి. ‘అంటే ఏంటి సార్’ అని అతను ఆగిన ప్రతి వాక్యాన్నీ మళ్లీ రాయండి.