ఏపీ బెటరా తెలంగాణ బెటరా, అసలు ఎలా పోల్చాలి

ఈ వాదన ఎక్కడ మొదలైనా చివరికి తలసరి ఆదాయం దగ్గరే తేలుతుంది. 2023-24లో తెలంగాణది దాదాపు మూడున్నర లక్షలు, ఏపీది రెండు లక్షల నలభై వేల చిల్లర, ఇంకేముంది తెలంగాణ గెలిచేసింది అంటారు, అటు వాళ్లేమో హైదరాబాద్ తీసేసి చూడండి అంటారు, అక్కడి నుంచి బూతులే. కానీ నిజంగా ఇల్లు మారదామనో, వచ్చిన ఉద్యోగంలో చేరాలా వద్దా అనో ఆలోచించేవాళ్లకి ఆ నంబర్ ఎందుకూ పనికిరాదు. ఎందుకంటే రాష్ట్రం సగటులో ఎవరూ కాపురం ఉండరు కదా.

రంగారెడ్డి, వికారాబాద్ చూడండి, పక్కపక్క జిల్లాలే, తలసరిలో మాత్రం దాదాపు ఐదు రెట్ల తేడా. గచ్చిబౌలి, మాదాపూర్ కంపెనీల లెక్క అంతా రంగారెడ్డి ఖాతాలో పడుతుంది, దానికీ అదే జిల్లాలో ఏ మూలనో పత్తి వేసుకునే రైతు జేబుకీ సంబంధమే లేదు.

అందుకే ముందు ఆదాయం పక్కన పెట్టి ఖర్చు చూడండి. కేంద్రం చేసే గృహ వినియోగ వ్యయ సర్వే ఉంది, 2022-23ది తీయండి. పల్లెల్లో మనిషికి నెలకి సగటు ఖర్చు ఏపీలో 4870, తెలంగాణలో 4802. అంటే సమానమే, ఇంకా ఏపీయే ఓ డెబ్బై రూపాయలు ఎక్కువ! పట్నాల్లోకొస్తే ఏపీ 6782, తెలంగాణ 8158. తలసరిలో లక్ష పైన కనిపించిన తేడా పల్లెకొచ్చేసరికి మాయమైపోయింది, కాబట్టి మీరు పోల్చేది ఊరినా సిటీనా అన్నది ముందు తేల్చుకోండి, తర్వాతే మిగతాది. పేదరికం లెక్కైనా అంతే, నీతి ఆయోగ్ 2023లో ఇచ్చిన బహుముఖ పేదరికం (ఆదాయం కాకుండా ఆరోగ్యం, చదువు, ఇంటి వసతులు చూసే లెక్క) రిపోర్టులో ఏపీ 6.06 శాతం, తెలంగాణ 5.88. దీని మీద కొట్టుకోవడం దండగ.

ఆరోగ్యానికి ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 అనే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి (2019-21), ఫ్రీగానే దొరుకుతుంది, జిల్లాల వారీగా కూడా ఉంది. కానీ చదివేటప్పుడు ఒక్క లైన్ చూసి ఆగిపోవద్దు. ఆసుపత్రిలో కాన్పులు రెండు చోట్లా 96, 97 శాతం, అబ్బో సూపర్ అనిపిస్తుంది. ఇంకొంచెం కిందకి వెళ్లి సిజేరియన్ల లైన్ చూడండి, తెలంగాణలో 60.7 శాతం, దేశంలోనే టాప్, ఏపీలో 42.4. తెలంగాణ ప్రైవేట్ ఆసుపత్రుల వరకే తీసుకుంటే 80 దాటింది. ఆసుపత్రి దగ్గరగా ఉండటం వేరు, అక్కడ మనకి ఏం జరుగుతుందన్నది వేరు, ఇంట్లో కాన్పు ఉన్నవాళ్లకి నా దృష్టిలో ఇదే ముఖ్యమైన నంబర్. అదే సర్వేలో శిశు మరణాలు వెయ్యికి ఏపీలో 30, తెలంగాణలో 26, అదే ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్లు తెలంగాణలోనే కాస్త ఎక్కువ, 33 వర్సెస్ 31. ఇలా ఒకదాంట్లో వీళ్లు, ఇంకోదాంట్లో వాళ్లు. ఎవరైనా అన్నిట్లోనూ మాదే పైచేయి అన్నారంటే లైన్లు ఏరుకుని చూపిస్తున్నారని అర్థం.

జిల్లాల దగ్గర ఒక తిరకాసు ఉంది. ఏపీలో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి, ఆ ఆరోగ్య సర్వేలో ఉన్నవి పాత 13. పల్నాడు కోసం వెతికితే దొరకదు, పాత గుంటూరు చూసుకోవాలి. తెలంగాణలో కొత్త జిల్లాలు 2016లోనే వచ్చాయి కాబట్టి 31 జిల్లాలకి విడివిడిగా ఉంటుంది. పెద్ద జిల్లాని చిన్న జిల్లాతో పోలిస్తే లెక్క తప్పుతుంది మరి.

నాకైతే అన్నిటికన్నా నచ్చే పద్ధతి సరిహద్దు ఊళ్లని జతగా పెట్టడం. హైవే మీద అటు కోదాడ, ఇటు జగ్గయ్యపేట, ఎండ ఒకటే, మాట ఒకటే, మారింది ప్రభుత్వం ఒక్కటే. రెండు చోట్లా ఒకే రోజు తిరగండి. సర్కారీ ఆసుపత్రి ఓపీ దగ్గర కాసేపు నిలబడండి, నల్లా ఎన్ని గంటలకి వస్తుందో అక్కడి ఆడవాళ్లని అడగండి, బస్టాండ్‌లో సాయంత్రం ఆరు దాటాక ఊళ్లకి బస్సులున్నాయో లేదో చూడండి, డబుల్ బెడ్రూం అద్దె ఎంతో కనుక్కోండి. భద్రాచలం వైపు మాత్రం ఈ పద్ధతి జాగ్రత్తగా వాడాలి, టౌన్ తెలంగాణలో, ఆనుకుని ఉన్న ఎటపాక ఏపీలో, కాగితం మీద రెండు రాష్ట్రాలు గానీ రోజూ బతికేది ఒకే ఊళ్లో.

పథకాలు మారుతూనే ఉంటాయి, వాటిని బట్టి ఇల్లు మారొద్దు. ఆడవాళ్లకి ఫ్రీ బస్సు తెలంగాణలో 2023 డిసెంబర్‌లో వచ్చింది, ఏపీలో 2025 ఆగస్టులో వచ్చేసింది, తేడా పోయింది. పింఛను మాత్రం పెద్దవాళ్లున్న ఇంటికి నిజంగా లెక్కే, ఏపీ 2024 జూలై నుంచి నెలకి 4000 రూపాయలు చేసింది, అప్పటికి తెలంగాణలో 2016 రూపాయలు.

నీళ్లు, వాన సంగతి రాష్ట్రం పేరుతో కాదు, ఊరి పేరుతో అడగండి. ఉద్దానం కిడ్నీ జబ్బులు, నల్గొండ ఫ్లోరైడ్ అందరికీ తెలిసినవే. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడని ముంచితే అవే రోజుల్లో మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. అద్దెకి దిగే ముందు గోడ మీద నీటి మరక ఎంత ఎత్తులో ఉందో చూడండి, ఓనర్ చెప్పడు.

ఇక పిల్లలున్నవాళ్లు అన్నిటికన్నా ముందు చూడాల్సింది స్థానికత, జనం దీన్ని చివర్లో గుర్తు చేసుకుని తల పట్టుకుంటారు. తెలంగాణలో మెడిసిన్ సీటుకి లోకల్ అవ్వాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు అక్కడే చదివుండాలి, 2025లో సుప్రీంకోర్టు కూడా ఆ రూల్‌ని సమర్థించింది. కాబట్టి పిల్లాడు తొమ్మిదికి వస్తుంటే ముందు ఏ రాష్ట్రంలో సీటు కావాలో తేల్చుకోండి, విజయవాడలో ఇంటర్ కోచింగ్ బాగుంటుందని పంపే ముందు ఆ ఏడాది అడ్మిషన్ నోటిఫికేషన్ ఒకసారి చదవండి, తర్వాతే టీసీ తీసుకోండి.