తిరుపతిలో చెస్ టోర్నమెంట్ ఆడే ముందు: ఓపెనింగ్ జాగ్రత్తలు

ఆదివారం ఆడబోయే పిల్లలకూ, చిత్తూరు నుంచి తెల్లారే బస్సెక్కే వాళ్లకూ:

– ఈ వారం కొత్త ఓపెనింగ్ (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరస) జోలికి పోవద్దు. వీడియో చూసి ఎత్తులు బట్టీ పట్టినా, ఎదుటివాడు దారి మార్చగానే టెన్షన్ మొదలు.

– నల్లపావులతో ఈ4కే (తెల్లవాళ్లు రాజు ముందు బంటును రెండు గళ్లు జరపడం) కాదు, డీ4కీ (మంత్రి ముందు బంటును అలాగే జరపడం) జవాబు ఉండాలి. చాలామంది సగమే సిద్ధమై వస్తారు.

– టూ నైట్స్ (నల్లవాళ్లు రెండు గుర్రాలనూ ముందే బయటికి తీసే ఓపెనింగ్) ఆడేవాళ్లూ, తెల్లగుర్రం జీ5కి వచ్చి, తెల్లబంటు డీ5లో కొట్టాక దాన్ని ఎఫ్6 గుర్రంతో తీయొద్దు. ఎఫ్7లో గుర్రాన్ని బలిచ్చి మీ రాజును నడిబోర్డుకు లాగుతారు. రెండో గుర్రాన్ని ఏ5కి వేసి శకటును తరమండి. పిల్లల ఆటల్లో ఇది తెగ వస్తుంది.

– క్యాస్లింగ్‌కు (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదలడానికి) ముందుగా రాజునే ముట్టుకోండి. ఏనుగును తాకితే ఆ ఎత్తులో అటువైపు కుదరదు.